షెడ్డు మాట

కాకినాడ దగ్గరి ఒక రొయ్యల షెడ్డులో సంతాలీ, ఒడియా, తెలుగు కూలీల మధ్య ఒక కలగలుపు భాష పుట్టింది. నూకరాజు ఫూల్‌మణిని పెళ్లికి అడిగింది ఆ భాషలోనే. తరువాత చెవిబిళ్లలు వచ్చి, ఎవరి మాటనైనా వినేవాళ్ల భాషలోకి మార్చి వినిపించసాగాయి. షెడ్డు మాట ఈ ముసలి దంపతులకే మిగిలింది.

ఆ ఉదయం ఆసుపత్రిలో ఫూల్‌మణి ఛాతీ పట్టుకుని, "భిత్రే మంట కరుచి" అంది. మణిపూర్ డాక్టరమ్మ చెవిబిళ్ల పలకలేదు.

"లోపల మంటంటందండి," అన్నాడు నూకరాజు.

"మీ మాట మీద మందివ్వకూడదు తాతగారూ. బిళ్ల చెప్పాలి. ఆమెను సొంత భాషలో చెప్పమనండి."

పద్నాలుగో ఏట ఊరు వదిలిన ఫూల్‌మణికి సంతాలీ గుర్తు లేదు. తెలుగు నేర్చుకునే అవసరమే రాలేదు.

'అర్థంలేని మాటలు, మతి చలించింది' అని బిళ్ల నమోదు చేసింది. నర్సు నిద్రమందు సూది తెచ్చింది.

"మతి బానే ఉందండీ! అది మా బాసండీ!" అని నూకరాజు అడ్డం పడ్డాడు. అతన్ని పక్కకు జరిపి సూది వేశారు.

"డాక్టరమ్మ బుజిలా?" అని అడిగింది ఫూల్‌మణి, ఆమెకు అర్థమైందా అని.

"బుజిలా," అన్నాడు నూకరాజు. ఆమె నమ్మి కళ్లు మూసుకుంది.