తొలి పెనం బెల్లం

తొలి పెనం చెరకు పాకం దిగే వేళకి గట్టు మీద ఓ ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

నెత్తిన తెల్ల టోపీ. కుడి చేతిలో అరిటాకు. ఎడమ చెయ్యి తువ్వాలు చాటున ఉంది.

"ఎవరు కావాలి?" అన్నాడు మోహిత్.

తండ్రి అప్పలరాజు పోయాక సొంతంగా బెల్లం వండించడం అతనికిదే మొదలు. హాస్టళ్ళలో పెరిగిన కుర్రాడు. ఆ పూట యజమానితనం కాస్త ఎక్కువగానే ఉంది.

"తొలి బెల్లం ఓ ముద్ద ఇప్పించు బాబూ. మీ నాన్న ఏటా ఇచ్చేవోడు."

మోహిత్ బెల్లం వండే అప్పారావు వైపు చూశాడు.

"ఇచ్చేవోరు బాబూ. ఎందుకో తెల్దు, నేనొచ్చి ఆరేళ్ళే."

"ఎందుకేటి, దర్గాకే." మోహిత్ ముఖం ముడుచుకున్నాడు. "మా తొలి బెల్లం నూకాలమ్మకే తాతా. ఇంకో చోటికి ఇవ్వను."

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత నవ్వాడు.

"మంచి మాట సెప్పేవు. అమ్మకే పెట్టు. పెనానికి కాస్త ఎడంగా నిలబడు నాయనా."

నాకే పని నేర్పుతున్నాడనుకున్నాడు మోహిత్. ఒళ్ళు మండింది.

ముసలాయన ఖాళీ ఆకు మడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మోహిత్ బెల్లం పట్టుకుని అనకాపల్లిలో నూకాలమ్మ గుడికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర పూలమ్మే చిన్నమ్మలు పలకరించింది.

"కొత్త బెల్లం తెచ్చేవు, ఏ ఊరు బాబూ?"

"మునగపాక. అప్పలరాజు గారబ్బాయిని, మోహిత్."

పూలు మూరేస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"మోహిత్ అంటే నువ్వేనా? నిన్ననే నీ పేరున అమ్మకి బెల్లం పెట్టించేడు కాసిం తాత. ఇరవయ్యేళ్ళుగా సూత్తన్నాను, ఏటా నీ పేరే."

"టోపీ పెట్టుకున్న తాతా?"

"ఆయనే. ఏటా మీ పెనం బెల్లమే తెచ్చేవోడు. ఈసారి కొట్లో కొన్నాడు. అదేటి తాతా అంటే, 'ఇంక పిల్లాడే తెత్తాడు, నా మొక్కు తీరిపోయింది' అన్నాడు."

మోహిత్ సిగ్గుతో చితికిపోయాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పొద్దున్నే రైలెక్కేడు. కూతురి కాడికంట. ఏ ఊరో సెప్పలేదు. మళ్ళీ రాలేనన్నాడు."

"నా పేరున ఆయనకి మొక్కేంటమ్మా?"

చిన్నమ్మలు అతన్ని జాలిగా చూసింది.

"నీకు సెప్తే పెనం దగ్గరికి రావడానికి భయపడతావని తాత వద్దన్నాడంట, మీ నాన్న నాతో అన్నాడు. మూడేళ్ళప్పుడు నువ్వు మరుగుతున్న పెనంలోకి జారిపోతుంటే, 'అమ్మా నూకాలమ్మా, పిల్లోణ్ణి నాకిచ్చెయ్, ఏటా తొలి బెల్లం నీకే పెడతాను' అని మొక్కుకుని, ఎడం చెయ్యి పాకంలో పెట్టి నిన్ను పైకి తోసింది ఆయనే."