టేబుల్ కాలి కింది రేకు

ముసలాయన మళ్ళీ వచ్చాడు.

నర్సరీ గేటు పక్కన మందారం కుండీల ముందు గొంతుకూర్చుని, ఒక్కో కుండీకి అంటించిన స్టిక్కరును గోటితో గీకి చూస్తున్నాడు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది.

మామగారు మోకాళ్ళ నొప్పులతో లోపలి గదికి పరిమితమయ్యాక నర్సరీ ఆమె చేతికొచ్చింది. నీవల్ల ఏమవుతుందని ఆడపడుచు మొహం మీదే అంది. ఆ నోరు మూయించాలన్న పట్టుదలతో ఆమె మొదట చేసిన పని, కుండీలకు వేలాడుతున్న పాత రేకు ముక్కల్ని చదవకుండానే పీకి పారేయించడం. వాటి బదులు రంగుల స్టిక్కర్లు వేయించింది. ఈ మందారానికి ‘సూపర్ రెడ్’ అని తనే పేరు పెట్టింది.

నాలుగు ఎండలకే సగం స్టిక్కర్లు వెలిసి తెల్లకాగితాలయ్యాయి. అది వేరే సంగతి.

“ఇవి నిలవవమ్మా,” అన్నాడు ముసలాయన.

సంచిలోంచి పల్చటి అల్యూమినియం రేకు తీశాడు. ఇంకు అయిపోయిన పెన్నుతో నొక్కి రాస్తే అక్షరాలు రేకులోకి దిగుతాయట. ఎండకూ వానకూ పోవట.

“దీన్ని ఈ మందారానికి కట్టండి. పేరు నిలిస్తే చాలు.”

“ఎంతకిస్తారేంటి?”

“డబ్బులొద్దమ్మా.”

ఆమె మూతి విరిచింది. ఈ రకం బేరాలు ఆమెకు తెలియనివా? మొదటిది ఊరికే ఇస్తారు, తర్వాత బస్తా అంటగడతారు.

“పెద్దాయన్ని ఒక్కసారి పిలుస్తారా?”

“పడుకున్నారు. రేకులమ్ముకునే ప్రతివాడి కోసం ఆయన్ని లేపలేను.”

అతను రేకును టేబుల్ మీద ఉంచి వెళ్ళిపోయాడు.

ఆమె దాని మీద ఏం రాసుందో చూడకుండానే నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ఆ టేబుల్ కాలి కిందే దోపింది. ఈ మాత్రానికైనా పనికొచ్చాడని పనివాళ్ళతో అని నవ్వింది.

ముసలాయన మరి రాలేదు. పీడ విరగడైందనుకుంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే పార్కు కాంట్రాక్టరు వచ్చాడు. దారి పొడవునా నాటడానికి మందారాలు కావాలన్నాడు. ఇక ఆడపడుచు నోరు మూతపడినట్టేనని ఆమె సంబరపడింది.

కొమ్మలు కత్తిరించడంతో సూపర్ రెడ్ మొక్కలకు ఒక్క పువ్వూ లేదు. అతను వాటివైపు చూడను కూడా లేదు. ఏదో ఆడపిల్ల పేరు చెప్పి, ఆ పేరు మందారమే కావాలన్నాడు.

“మొక్క అడుగుతున్నారా, పెళ్ళిసంబంధం అడుగుతున్నారా?” అంది ఆమె. అలాంటిది తమ దగ్గర ఎప్పుడూ లేదని చెప్పేసింది.

అతను మందారాల వరస పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మామగారు కర్ర పట్టుకుని మెల్లగా బయటికొచ్చారు. టేబుల్ కాలి దగ్గర ఏదో తళుక్కుమంటే వంగి లాగి, మడతలు విప్పారు. అంత బరువు మోసినా అక్షరాలు చెక్కుచెదరలేదు.

పొద్దున కాంట్రాక్టరు అడిగిన పేరే.

“ఇదెవరిచ్చారమ్మా?”

“రేకులమ్ముకునే ముసలాయన. మిమ్మల్ని పిలవమని ఒకటే పోరు.”

మామగారు రేకు మీది మట్టి తుడిచారు. సూపర్ రెడ్ కుండీ దాకా నడిచి, రేకును తన చేతులతోనే కొమ్మకు కట్టారు.

“వాడు పోయాడని మొన్న కబురొచ్చింది. కడసారి నన్ను చూడటానికైనా రాలేదే అని బాధపడ్డాను,” అన్నారు. “ఈ మందారాన్ని పుట్టించి మనకు ఊరికే ఇచ్చినవాడు వాడే తల్లీ, పోయిన కూతురి పేరు దానికి ఉంచితే చాలన్నాడు.”