బురదరంగు రొయ్యలు

"ఇవి రొయ్యలా, నల్లులా?"

అక్వేరియం చేపల షాపు ఓనరు అమ్మకానికొచ్చిన నీళ్ళ కవరును ట్యూబులైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. లోపల నలభై ఎర్ర రొయ్యలు, ఒక్కొక్కటి దానిమ్మ గింజలా మెరుస్తున్నాయి. షాపులో ఉన్న నలుగురూ మెడలు సాచి చూశారు.

"సరిగ్గా చూడండి, ఎక్కడా మచ్చ లేదు," అంది రొయ్యలమ్మ. బట్టలు కుట్టుకుంటూనే వెనక గదిలో అక్వేరియం రొయ్యల్ని పెంచి అమ్ముతుందని వీధివాళ్ళు పెట్టిన పేరది. "రెండేళ్ళు ఏరి ఏరి తెచ్చిన రంగండీ ఇది."

"వంటింటి రొయ్యలకి రంగొకటా! మిషను తొక్కుకోక నీకెందుకమ్మా ఈ వ్యాపారం?"

అంటూనే కవరు ముడి విప్పి, ఆమె చేయి చాచేలోపే, వెనకనున్న పెద్ద చేపల తొట్టిలో బోర్లించేశాడు. అరచేయంత చేపలు మూడూ నోళ్ళు తెరిచాయి. నిమిషం కూడా పట్టలేదు.

"పోనీలే, మావాటికి ఫలహారమైంది," అన్నాడు. నలుగురూ నవ్వారు.

రొయ్యలమ్మ ఏడవలేదు. ఖాళీ కవరు నీళ్ళు దులిపి, మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. అతని కడుపుమంట ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఈ మధ్య అతని షాపు మెట్లు దిగినవాళ్ళు నేరుగా వచ్చి ఆమె ఇంటి మెట్లు ఎక్కుతున్నారు. షాపు అద్దం వెనక అతను ముద్దుగా పెంచుకునే ఎర్ర రొయ్యల తొట్టి ఒకటుంది. వాడి గర్వమంతా అందులోనే ఉంది. దాన్నే కొట్టాలి అనుకుంది.

మందు కలిపితే ఒక్కరోజులో చస్తాయి. ఒక్కరోజు ఏడుపు ఆమెకు చాలదు. ఎర్రవాటిలో నీలం రొయ్యలు కలిస్తే పుట్టే పిల్లలు ఎరుపూ కావు, నీలమూ కావు, అచ్చం బురదరంగు. ఒకసారి కల్తీ అయిన వంశానికి పాత రంగు తెప్పించాలంటే మళ్ళీ ఏళ్ళు పడుతుంది. పైగా అప్పుడే పుట్టిన పిల్లలకు రంగే ఉండదు. నువ్వుగింజంతైనా ఉండవు, నీళ్ళలో నీళ్ళలా కలిసిపోతాయి.

ఓనరుకు ఆమె మొహం తెలుసు. అత్తగారి మొహం తెలియదు.

"అత్తయ్యా, ఈ సీసా తీసుకెళ్ళి వాడి అద్దం తొట్టిలో, నాచు దట్టంగా ఉన్నచోట ఒంపేసి రండి. వాడి కంట పడకుండా."

అత్తగారు సీసాను వెలుతురుకు పట్టి కళ్ళు చికిలించింది. "ఉత్త నీళ్ళే కదే?"

"అందులో అరవై పిల్లలున్నాయి. మన నీలం రొయ్యలకు నిన్ననే పుట్టాయి."

"పురిటి పిల్లల్ని వాడికివ్వడమెందుకే?"

"ఇవ్వడం కాదత్తయ్యా, ఇచ్చిన దానికి తిరిగివ్వడం. మిగతాది నాకొదిలేయండి."

"నీ రొయ్యల గొడవ నాకేం తెలుసులే. ఇలా తే," అని సీసాను చెంగు చాటున పెట్టుకుని బయల్దేరింది.

గంటన్నర తర్వాత పెరటి తలుపు చప్పుడైంది. రొయ్యలమ్మ మిషను ఆపి పరుగెత్తింది.

"పోశారా?"

"పోశానమ్మా. ఒక్కటీ మిగల్లేదు."

"వాడు చూడలేదుగా?"

"చూళ్ళేదు."

ఆ రోజు చాలాకాలం తర్వాత ఆమెకు అన్నం సయించింది.

ఇక రోజుకు రెండుసార్లు దారాల నెపంతో ఆ షాపు ముందు నుంచి నడిచేది. అద్దం వెనక నాచు అడవిలా పెరిగింది. పైకి కనబడేవన్నీ ఇంకా ఎర్రవే. "పెరగనీ, లోపల కాపురాలు చేసుకోనీ," అనుకుంటూ పెదవి కొరుక్కునేది. తన తొట్ల వైపు చూసే తీరికే లేకపోయింది. మేత వేయడం కూడా అత్తగారి పనే అయింది.

నాలుగు నెలలు గడిచాయి. ఊరి అక్వేరియం పోటీలకు తేదీ పడింది. తన ఎర్ర రొయ్యల తొట్టిని పోటీలో దించుతున్నానని ఓనరు షాపు మీద బోర్డు పెట్టాడు. ఆ బోర్డు చదివి రొయ్యలమ్మ కూడా పేరిచ్చింది. అందరి ముందూ వాడు నాచు తీయాలి, బురద బయటపడాలి, పక్కనే తన తొట్టి నిప్పులా వెలగాలి.

పోటీ రోజు పొద్దున్నే వెనక గదిలో తన ఎర్ర రొయ్యల పెద్ద తొట్టి ముందు కూర్చుని, గుబురుగా అల్లుకున్న నాచును రెండు చేతులా పైకెత్తింది.

కింద నుంచి నీలం తల్లులు గుడ్లు మోసుకుంటూ నింపాదిగా బయటికొచ్చాయి. వాటి వెనక వందల కొద్దీ పిల్లలు. ఎరుపు కాదు. నీలం కాదు.

నాచు చేతుల్లోంచి జారిపోయింది.

"వాడే! నా పాచిక నా మీదే వేశాడు! ఎవర్నో ఇంట్లోకి పంపి నా వంశం నాశనం చేశాడు. వాడి చేతులు పడిపోను!"

కేకలకు అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. కోడల్నీ, తొట్టినీ మార్చి మార్చి చూసింది.

"ఊరికే ఆ అబ్బాయిని ఆడిపోసుకోకే. ఆ రోజు వెళ్ళీ వెళ్ళగానే కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, 'అంత దూరం నడిచొచ్చావా అమ్మా' అన్నాడు. అలాంటివాడి మీద పగేమిటని నాకు చేతులు రాలేదు..." అంటూ వంగి, తొట్టి అద్దాన్ని చెంగుతో మురిపెంగా తుడిచింది. "తల్లిలేని పసిగుడ్లు కదా, నలుగురిలో పెరుగుతాయని తెచ్చి మన పెద్ద తొట్టిలోనే పోశాను."