ముసుగు వేసిన అంకె

తక్కువగా ఉంటే ఉండనీ, అది నిజమైన అంకె కాదు కదా అని నిఖిత మళ్ళీ సర్దిచెప్పుకుంది. మూడేళ్ళుగా ఆ ఒక్క మాటను తలకింద పెట్టుకునే నిద్రపోతోంది.

ముసలి నక్షత్రాల గర్భంలో జిర్కోనియం కేంద్రకాలు న్యూట్రాన్లను ఎంత వేగంగా పట్టుకుంటాయన్నది ఆమె కొలత. అందరూ వాడుతున్న విలువ, వయసులో ఉన్నప్పుడు శేషగిరిగారు కొలిచింది. ఆయనే ఇప్పుడు ఆమెకు గైడు. ఆమె తెరమీది అంకె ఆయన అంకెలో సగం కూడా లేదు.

అయితే అది ముసుగు వేసిన అంకె. కావలసిన జవాబు వైపు మనసు లాగకుండా, కొలతలన్నిటినీ ఒక రహస్య సంఖ్యతో హెచ్చవేసి చేతికివ్వడం వాళ్ళ పద్ధతి. ఆ సంఖ్య పెట్టింది శేషగిరిగారే. లెక్క పూర్తయ్యాక మీట నొక్కితే ప్రోగ్రాం ముసుగు తీసేసి అసలు విలువ చూపిస్తుంది. ఆ తర్వాత దేన్నీ దిద్దకూడదు.

బయట లీసెస్టర్ వాన. కింద హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. సాయంత్రం ఆయన వీడ్కోలు ఉపన్యాసం, ఆ పాత అంకె గురించే.

శేషగిరిగారు రెండు టీలతో వచ్చారు.

"ఏవమ్మా, ఇంకా ముహూర్తం కుదర్లేదా? నొక్కెయ్."

"మండే చూద్దాం సర్. ఇయ్యాల మీ లెక్చర్ ఉంది గదా."

"ఉంటే?"

"ఒకవేళ..." మిగతాది మింగేసింది.

"ఒకవేళ నాది తప్పైతే? మీ వరంగల్లో కూడా మొహమాటాలున్నాయన్నమాట!"

"నవ్వకుండ్రి సర్. బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ ఇంకోసారి చెక్ చేస్త."

"ఎన్నిసార్లు? అరగదీయడానికి అదేమన్నా గంధపు చెక్కా?"

ఆమె భుజం మీదుగా తెరను చూశారు. రోజూ అలాగే చూస్తారు. రోజూ అదే మాట అంటారు.

"అబ్బో, బాగా తక్కువే!"

ఆ తేలికతనమే ఆమెకు ధైర్యం. ముసుగు తీస్తే అంకె ఎగిరి ఆయన అంకె పక్కన వాలుతుందని నమ్మేది. వాలకపోతే? ఆయన బతుకులో చెప్పుకోవడానికున్నది అదొక్కటే. తను భయపడేది ఆయన కోసమా, దాన్ని తప్పని తేల్చే పని తన చేతిమీదుగా జరుగుతుందనా? ఎంతకీ తేల్చుకోలేకపోయింది.

"లెక్చర్ అయినంక నొక్కుత సర్. ప్లీజ్."

"వద్దు తల్లీ. కొట్టించుకున్న చప్పట్లు తిరిగి ఇచ్చెయ్యలేం." ఈసారి గొంతులో నవ్వు లేదు. "నేను మైకు ముందుకి వెళ్ళేలోగా నీకు తెలియాలి."

టీ చల్లారిపోయింది. ఆయన కప్పు కిందపెట్టలేదు, తాగనూ లేదు. నిఖిత ఆయన మొహం వైపు చూడకుండా మీట మీద వేలు పెట్టింది. కళ్ళు మూసుకుని నొక్కింది.

తెరిచేసరికి, ముసుగు తీసేసినట్టు ప్రోగ్రాం పచ్చ అక్షరాల్లో చెబుతోంది.

అంకె మారలేదు. ఆయన పెట్టిన రహస్య సంఖ్య ఒకటి.