గుక్కెడు నీళ్లు

“నాలుక పిడచ కట్టుకుపోతోందే అమ్మాయ్, ఒక్క గుక్క పొయ్యవూ?” అంది అత్తయ్య, ఆసుపత్రి మంచం మీంచి.

రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు ఆవిడ. పొద్దున చెయ్యాల్సిన ఆపరేషన్‌ని తీరిగ్గా సాయంత్రానికి జరిపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్‌కి రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగొచ్చని పరిశోధనలు ఎప్పుడో తేల్చేశాయి. అలాంటివి కాగితాల్లో మగ్గిపోకుండా వార్డుల్లో ఎలా అమలు చెయ్యాలో డాక్టర్లకీ నర్సులకీ నేర్పడమే నా ఉద్యోగం. ఇక్కడి వాళ్లంతా మొన్న నా క్లాసుకొచ్చి గంగిరెద్దుల్లా తలలూపినవాళ్లే! మంచానికి మాత్రం ‘నోటికేమీ ఇవ్వరాదు’ అన్న అట్ట అలాగే వేలాడుతోంది.

వెళ్లి పెద్ద డాక్టర్ని నిలదీశాను.

“మీ క్లాసు అద్భుతం మేడమ్. కానీ పైనుంచి ఆర్డరు లేకుండా ఇస్తే రేపు మాట నా మీదికొస్తుంది” అన్నాడాయన నవ్వుతూ.

“వీళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోతోంది అత్తయ్యా” అన్నాను తిరిగొచ్చి.

“నీకూనా?” అంది ఆవిడ. “సాయంత్రం దాకా బోలెడు టైముంది. నీ సంచీలో నీళ్ల సీసా ఉందిగా. ఆ పాఠం ఇంట్లో నా ముందేగా వల్లెవేశావు, తియ్యి మరి.”

నా చెయ్యి సంచీ మీదికి వెళ్లింది. జిప్పు మూసేశాను.

“వద్దు అత్తయ్యా. ఆర్డరు లేకుండా ఇస్తే మాట నా మీదికొస్తుంది.”

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది.

“మరి వాళ్లని తిడతావెందుకే? నీ దగ్గర బాగానే నేర్చుకున్నారు.”