ఇంకా మానలేదు

గంజాయి అలవాటైన కుర్రాడు రోజూ సాయంత్రం ఓ పెద్దాయన ఇంట్లో గడపాలి. మానేశాడని ఆయన చెబితేనే విడుదల. ఇది మా ఉద్దానం ఊరి కమిటీ కట్టుబాటు.

మల్లేశ్వరరావు మనవడు నా వంతుకొచ్చాడు. నేనొక్కణ్ణే ఉండే ఇంట్లో మూడు నెలలు నాకు పేపరు చదివి వినిపించాడు.

నిన్న కమిటీ కూర్చుంది. "మాస్టారూ, మానేసినాడని మీరొక్క మాట సెప్తే రేపే ఇశాపట్నం పనికి పంపేత్తాను," అన్నాడు మల్లేశ్వరరావు. ఒకప్పుడు నన్ను గ్రంథాలయం నుంచి గెంటించినవాడు, ఇప్పుడు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఇంకా మానలేదు. మొన్న కూడా వాసనొచ్చింది," అన్నాను.

ముసలాడు పాత పగ తీర్చుకున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ సాయంత్రం కుర్రాడొచ్చి గుమ్మంలోనే ఆగాడు. "నాను మానేసినానని మీకు తెల్దేటి, మాస్టారూ?"

"తెలుసురా," అన్నాను. "రేపు కాస్త పెందలాడే రా."