నైటీలో అన్నపూర్ణ

గోడలు చూడటమూ, రుచి కనిపెట్టటమూ నేర్చుకోగా, వాటి మీది బొమ్మలు ఇంటివాళ్లతోపాటు మసలడం మొదలుపెట్టిన కాలమది. విజయనగరంలోని ఓ అపార్టుమెంటులో చిత్రకారిణి వైదేహి తన వంటింటి గోడనే కాశీక్షేత్రంగా సంకల్పించి, దాని మీద అన్నపూర్ణాదేవిని ప్రతిష్ఠించింది. ఆ జగన్మాత నైటీ ధరించి, జుట్టు క్లిప్పులో బిగించి, కుక్కరు ముందు కొలువుతీరింది.

అత్తగారు సీతారత్నం నడుము మీద చేతులు వేసుకుని నిలబడ్డారు.

"నైటీలో ఉన్న దేవత నైవేద్యం అందుకుంటుందిటే? అందుకోని దేవత మనింట్లో ఉండకూడదు. సాయంత్రానికి చెరిపెయ్!"

"ఒక్కసారి పెట్టి చూడండత్తయ్యా. అందుకోకపోతే నా చేత్తో నేనే చెరిపేస్తాను."

సీతారత్నం పులిహోర కలిపి తెచ్చారు. నివేదన కాకుండా రుచి చూడటం వారి వంశంలో మహాపాతకం. గిన్నెను గోడ ముందు పెట్టారు. దేవి ఇటు తిరిగి, తడిచేతులు నైటీకి తుడుచుకుని, గిన్నెలోకి తొంగిచూసి మొహం చిట్లించింది.

"చూశావా, అందుకోలేదు!" అని అత్తగారు విజయభేరి మోగించారు.

అంతలో దేవి తన పక్కనున్న ఉప్పుడబ్బాను మెల్లగా ముందుకు జరిపింది.

సీతారత్నం నాలుక కరుచుకున్నారు. "అయ్యో నా మతిమండా, ఉప్పు మరిచిపోయానే! ఇన్నేళ్లుగా పెడుతున్నాను, ఒక్క దేవుడైనా చెప్పాడా?"

ఉప్పు కలిపి మళ్లీ పెట్టారు. దేవి తృప్తిగా తలూపింది. అత్తగారు హారతి ఇచ్చి, కళ్లకద్దుకుని, కోడలి వైపు తిరిగారు.

"పూజగదిలో ఆ విష్ణుమూర్తి యుగాలుగా పడుకునే ఉన్నాడు. రేపు ఆయన్నీ లేపి ఏదైనా పనిలో పెట్టవే!"